మా బావగారి భుజం

మా బావగారి మీద నాకున్నది ఒక్కటే ఫిర్యాదు. ఆయనలో లోపమన్నది లేదు.

లోపం లేని మనిషి ఇంట్లో ఉంటే మిగతావాళ్ళ బతుకు ఎలా ఉంటుందో అనుభవిస్తేగాని తెలియదు. మా ఆయన రిగో నడుం పట్టేసిందని మంచం మీద వాలితే చాలు, మా అత్తగారు ఫిడెలీనమ్మ గుమ్మంలోంచే అందుకుంటుంది. "మీ అన్నయ్యకు ఏనాడైనా నడుం పట్టడం చూశావురా?" నిజమే, మేమెవరమూ చూడలేదు. నడుం పట్టాలంటే ముందు ఏదో ఒకటి ఎత్తాలి. అంత చిన్న పనులు ఆయన పెట్టుకోరు.

బావగారంటే మామూలు మనిషి కాదు. డాన్ అవెలినో సగస్తుమె. డాన్ అంటే మా వైపు 'గారు' అని. మా సాన్ ఎవారిస్తో పట్టణానికి వరసగా మూడుసార్లు మేయర్. జూన్‌లో నాలుగోసారి కాబోతున్న మేయర్. "నేను ఈ ఊరినే పెళ్ళాడాను" అని ప్రకటించి పెళ్ళి మానుకున్న త్యాగి. ఊరు ఇస్త్రీ చెయ్యదు కనక ఆయన బట్టలు నేనే ఇస్త్రీ చేస్తాను. ఆ మాత్రం ప్రజాసేవ నాకూ దక్కింది.

జనవరిలో ఒక ఆదివారం, ప్రార్థన ముగిసి జనం చర్చిలోంచి బయటపడుతున్న వేళ, ఆయన మునిసిపల్ మేడ మీద నిలబడి ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"ప్రజలారా, నాకు పర్సనల్ ట్రైనర్ అవసరమా, కాదా అన్న విషయాన్ని లోతుగా పరిశీలించాలని నేను తుది నిర్ణయం తీసుకున్నాను."

బ్యాండు మోగింది. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు మా జిల్లా పత్రిక మొదటి పేజీలో 'మేయర్ సాహసం' అని వేసింది. పరిశీలించడానికే ఇంత ధైర్యం చూపిన మనిషి, రేపు నిజంగా వ్యాయామం చేస్తే ఇంకెంత చూపిస్తాడోనని సంపాదకీయం రాశారు.

ఈ ప్రకటన వెనక చిన్న కథ ఉంది. కొత్త సంవత్సరం నాడు ఆయన అదే మేడ మెట్లెక్కి, మైకు ముందు నిలబడి నోరు తెరిచారు. మాట రాలేదు, ఆయాసం వచ్చింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు గాలి పీల్చారు. ఊరి మీద ప్రేమతో గొంతు పూడుకుపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. కొందరు ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు కూడా. అంతటితో ఆగితే అది ఆయన జీవితంలోకెల్లా గొప్ప ఉపన్యాసం అయ్యుండేది. కాని ఈసారి ఆయన మీద పోటీకి దిగిన డాక్టరమ్మ మరిత్సా ఉంది చూశారూ, రోజూ తెల్లవారుజామునే చెరకు తోటల పక్కన పరుగెత్తే మనిషి, ఆవిడ ఆ దృశ్యాన్ని ఫోన్లో తీసి, కింద ఒక ప్రశ్న రాసి ఊరంతటికీ పంపింది. 'ఈ భుజమేనా మనల్ని మోసేది?'

భుజం సంగతి చెప్పాలి.

గుడ్ ఫ్రైడే నాడు మా గ్వాతెమాలాలో ఏ ఊళ్ళో చూసినా స్వామి పల్లకి బయల్దేరుతుంది. మా ఊరి పల్లకి బస్సంత పొడవు. పైన సిలువ మోస్తున్న స్వామి. రెండు వైపులా ఊదారంగు అంగీలు తొడుక్కున్న మగవాళ్ళు బారులు తీరి భుజాలు ఆనించి మోస్తారు. వీధి వీధికీ జట్టు మారుతుంది. చర్చి గుమ్మం నుంచి మందుల షాపు మలుపు దాకా మొదటి వంతు. ఆ వంతులో కుడివైపు అందరికన్నా ముందు నిలబడే చోటు మేయర్‌ది. ఇది చట్టంలో లేదు. కాని నా చిన్నతనంలో ఒక మేయర్ మలుపు దాకా మోయలేక దారిలో తప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయనకు ఓటు మాట అటుంచి, కూర్చోమని కుర్చీ చూపించినవాళ్ళు కూడా లేరు. పొరుగూరు పోయి ఐస్ అమ్ముకున్నాడు.

మా బావగారు ఏనాడూ తప్పుకోలేదు. అంతకన్నా గొప్ప ఏమిటంటే, ఆయనకు చెమట కూడా పట్టేది కాదు. తల ఒక పక్కకు వాల్చి, కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి, లోకంలోని బాధంతా తన మీదే ఉన్నట్టు నడిచేవారు. ఆ ఫొటోయే ప్రతి ఎన్నికలోనూ పోస్టర్. కింద 'మీ బరువు మోసే భుజం' అని అక్షరాలు. పార్టీ గుర్తు కూడా భుజమే.

అదే పల్లకి తర్వాతి వంతులో మోసి వచ్చిన మా రిగో, రోజుల తరబడి చెయ్యెత్తి తల దువ్వుకోలేకపోయేవాడు. ఆడవాళ్ళ జట్టులో మరియతల్లి పల్లకి మోసి వచ్చిన నేను వేణ్ణీళ్ళ గుడ్డ భుజాన వేసుకుని వంట చేసేదాన్ని. మమ్మల్ని చూసి బావగారు జాలిపడేవారు.

"బరువును భుజంతో మోయకూడదమ్మాయ్. మనసుతో మోయాలి."

పండగయ్యాక అన్నదమ్ములిద్దరి అంగీలూ ఉతికేది నేనే. రిగో అంగీకి కుడి భుజం దగ్గర గుడ్డ అరిగిపోతే రెండుసార్లు మాసిక వేశాను. బావగారి అంగీ కొన్ననాటి మెరుపుతో అలాగే ఉంది. మనసుతో మోసేవాళ్ళ బట్టలు ఎంత మన్నుతాయో చూడండి.

అలాంటి భుజాన్ని డాక్టరమ్మ ప్రశ్నించింది. మామూలు నాయకుడైతే తొందరపడి వ్యాయామం మొదలుపెట్టేవాడు. బావగారు కమిటీ వేశారు.

కమిటీ సభ్యులు విషయాన్ని ప్రశాంతంగా అధ్యయనం చెయ్యడానికి సముద్రతీరానికి వెళ్ళి, ఉయ్యాలల్లో పడుకుని, నల్లగా కాలిపోయి తిరిగొచ్చారు. వాళ్ళ నివేదికను సభలో నిలబడి చదివారు. వ్యాయామం ఆరోగ్యానికి మంచిదే. అయితే అలవాటు లేనివారికి ప్రమాదం. అలవాటు ఉన్నవారికి అనవసరం. దీన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ట్రైనర్‌ను పెట్టుకోవాలో వద్దో మాత్రం అందులో లేదు. అది అడిగితే, మరోసారి తీరానికి వెళ్ళాల్సి ఉంటుందన్నారు.

పార్టీవాళ్ళ భయం వేరు. ట్రైనర్‌ను పెట్టుకుంటే భుజంలో బలం తగ్గిందని ఒప్పుకున్నట్టవుతుంది. పెట్టుకోకపోతే డాక్టరమ్మ పరుగు చూపించి ఓట్లు పట్టుకుపోతుంది. ఈ రెండింటి మధ్యా ఊరి పాలన కొన్ని వారాలు నిలిచిపోయింది. మా వీధిలో పైపు పగిలి నీళ్ళు కాలువలా పారుతుంటే, మునిసిపల్ నీటి విభాగంలో పనిచేసే మా ఆయన వెళ్ళి సంతకం అడిగాడు. ప్రస్తుతం మేయర్ గారు తన శరీరం గురించి ఆలోచిస్తున్నారని, పైపు గురించి తర్వాత ఆలోచిస్తారని జవాబొచ్చింది.

చివరికి నిర్ణయం జరిగింది మా వంటింట్లో.

ఆ రోజు డాన్ నీకో వచ్చాడు. పల్లకి సంఘానికి ఆయనే పెద్ద. ప్రతి ఏడూ పండగకు ముందు మోసేవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, గీతలు పెట్టిన కర్రతో నేల నుంచి భుజం దాకా కొలుస్తాడు. ఒకే ఎత్తు భుజాలను ఒక వంతులో వేస్తాడు. పల్లకి మోతలో కిటుకంతా అదే. పొడుగువాళ్ళ మధ్య పొట్టివాడు నిలబడితే వాడి భుజానికి పల్లకి తగలనే తగలదు. పొట్టివాళ్ళ మధ్య పొడుగువాడు దొరికితే మొత్తం వాడి మీదే. ఇది మా ఊళ్ళో మీసం రాని పిల్లలక్కూడా తెలుసు. మేయర్‌ను మాత్రం ఎవరూ కొలవరు. ఆయన చోటు ఆయనదే. ఆయన వెనకాల రొట్టెల బట్టీ అన్నదమ్ములిద్దరు, కరెంటు స్తంభాల్లాంటి మనుషులు, ఎప్పటినుంచో నిలబడుతున్నారు.

నేను కాఫీ పోస్తున్నాను. అత్తగారు పెనం మీద రొట్టె తిప్పుతూ పెద్దకొడుకు వంక చూస్తోంది. బావగారు బల్ల దగ్గర కూర్చుని వేయించిన అరటిపండు తింటున్నారు. ఆయన వీపు సంగతి చెప్పనే లేదు కదూ. గవర్నర్ల ముందూ మంత్రుల ముందూ ఇన్నేళ్ళు వినయంగా నిలబడీ నిలబడీ అది కొడవలిలా వంగిపోయింది. కుర్చీలో ఒక్కడే ఉన్నా ఎదురుగా మంత్రి ఉన్నట్టే కూర్చుంటారు.

"ట్రైనర్‌ని పెట్టండి," అంది అత్తగారు. "కండలు పెంచక్కర్లేదు. ముందు వీడి వీపు నిలబెట్టమనండి. పోస్టర్లో ఆ డాక్టర్ పిల్ల కొబ్బరిచెట్టులా నిలబడి ఉంటే, నా కొడుకు పక్కన చెప్పు వెతుక్కుంటున్నవాడిలా ఉన్నాడు."

డాన్ నీకో కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఫిడెలీనమ్మా, ఆ వీపు ఎప్పటినుంచో అలా అలవాటు పడింది. పండగ ముందు దాన్ని కదిలించడం దేనికి?"

"నా కొడుకు వీపు నీకెందుకు? నువ్వు భుజాల సంగతి చూసుకో."

"నేను భుజాల సంగతే చెబుతున్నానమ్మా."

"కొలకర్ర పట్టుకున్న ప్రతివాడూ డాక్టరే," అని అత్తగారు రొట్టె తీసి ఆయన పళ్ళెంలో విసిరింది. డాన్ నీకో రొట్టె తిని వెళ్ళిపోయాడు. మా అత్తగారు అన్న మాట వెనక్కి తీసుకోదు. ఒక్కసారైనా 'తప్పు నాదే' అంటుందేమోనని మా మామగారు ఎదురుచూసి ఎదురుచూసి పోయారు.

అలా డామరిస్ వచ్చింది. కొండల మీది పెద్ద ఊరి పిల్ల. ఆటల కాలేజీలో చదివింది. పాస్టర్ గారి కూతురు. వాళ్ళ చర్చిలో విగ్రహాలూ ఉండవు, పల్లకీలూ ఉండవు. ఈస్టర్ సెలవుల్లో చిన్నప్పటినుంచీ బైబిలు శిబిరాలకు పోయిందే తప్ప ఒక్క ఊరేగింపూ చూడలేదట. ఉద్యోగం మేయర్‌కు ట్రైనర్‌గా కాదు. 'నగర ప్రేరణాధికారి' అని కొత్త పోస్టు సృష్టించారు. ఆమె ప్రజలందరినీ ప్రేరేపిస్తుంది. ఆ పని సరిగ్గా జరుగుతోందో లేదో మేయర్ గారు తన ఒంటి మీద స్వయంగా తనిఖీ చేసుకుంటారు. భుజానికి మచ్చ రాకుండా సమస్య తీరింది.

"సార్, మొదట్లో అందరికీ ఉత్సాహంగానే ఉంటుంది. దాన్ని నిలబెట్టుకోవడమే కష్టం. మీరు తెల్లవారుజామున లేవగలరా?" అని అడిగింది డామరిస్.

"ప్రజలు లేపితే లేస్తాను," అన్నారు బావగారు.

మా వైపు పుట్టినరోజు నాడు తెల్లవారకముందే గుమ్మంలో టపాకాయల సరం కాల్చి మనిషిని లేపడం ఆచారం. ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస దినాల మొదటి బుధవారం నుంచి మా గుమ్మంలో రోజూ సరం కాల్చమని ఆర్డరు వేశారు. మొదటి రోజు ఊరంతా లేచింది. కుక్కలు లేచాయి, కోళ్ళు లేచాయి, ఆస్పత్రిలో రోగులు లేచారు. బావగారు మాత్రం పక్కకు తిరిగి పడుకున్నారు. ప్రేరణ చాలలేదని కమిటీ అభిప్రాయపడింది. మర్నాటి నుంచి బ్యాండు కూడా వచ్చింది. బ్యాండువాళ్ళు మెట్ల మీద నిలబడి ఊదుతుంటే ఆయన కిటికీ తెరిచి, వాళ్ళకు చెయ్యి ఊపి, మళ్ళీ మూసేవారు. "చూడండి, చెయ్యి కదిలింది," అని పార్టీవాళ్ళు సంబరపడ్డారు.

డామరిస్ పట్టు వదలలేదు. పిల్ల నిజాయితీ చూస్తే నాకే దిగులేసింది. పరుగు వద్దంటే నడక అంది. నడక వద్దంటే మెట్లంది. అన్నింటికీ ఆయన దగ్గర పరిపాలనాపరమైన జవాబు ఉంది. పరుగు బాధ్యతను రోడ్ల విభాగానికి అప్పగించారు. గుంజీలు ఆరోగ్య విభాగం వాళ్ళు తీశారు. వాళ్ళు చేసినదంతా సాయంత్రానికి మేయర్ గారి ఖాతాలో జమ అయ్యేది. మా ఆయనకు బస్కీలు పడ్డాయి. పైపు ఇంకా కారుతూనే ఉంది. దాని పక్కనే, ఆ నీళ్ళల్లోనే, మేయర్ తరఫున బస్కీలు తీసి ఇంటికొచ్చేవాడు.

"మీ అన్నయ్యకు ఇవాళ ఎలా ఉంది?" అనేదాన్ని.

"దృఢంగా తయారవుతున్నాడు. నాకే చేతులు లాగేస్తున్నాయి."

ఇలా కాదని డామరిస్ ఒకరోజు ఆఖరి ప్రయత్నం చేసింది. "సార్, మీరేమీ చెయ్యక్కర్లేదు. గోడకు ఆనుకుని నిలబడండి చాలు. మడమలు, వీపు, తల గోడకు తగలాలి. భుజాలు వెనక్కి. అంతే."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏమీ లేదు సార్. అలాగే ఉండాలి."

బావగారి ముఖం వెలిగిపోయింది. ఏమీ చెయ్యకుండా అలాగే ఉండటంలో ఆయనకున్న అనుభవం ఇంకెవరికీ లేదు. మూడు ఎన్నికలు గెలిచింది దానితోనే.

ఇక ఆయన్ను గోడ నుంచి విడదీయడం కష్టమైంది. ఫైళ్ళ మీద సంతకాలు గోడకు ఆనుకునే పెట్టారు. విలేఖర్లతో గోడకు ఆనుకునే మాట్లాడారు. నేను శనివారం తమాలే, అదే, ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్ద, పట్టుకెళితే, గోడ వదలకుండానే తిన్నారు. పైవాడు నిలబడితే కిందివాడు కూర్చోలేడు కదా, ఆఫీసు గుమాస్తాలంతా గోడలకు చేరారు. అర్జీలు పట్టుకొచ్చిన జనం కూడా అదే మర్యాద కాబోలనుకుని వరండా గోడకు వీపులానించి నిలబడ్డారు. ఆ రోజుల్లో మునిసిపల్ ఆఫీసులోకి కొత్తవాళ్ళెవరైనా అడుగుపెడితే, లోపల దొంగలు పడి అందరినీ వరసగా నిలబెట్టారనుకునేవారు. వీపుల రాపిడికి సున్నం లేచిపోతే, గోడల పునరుద్ధరణ కోసం ఇంకో కమిటీ వేశారు.

నిజం చెప్పాలి కదా, ఫలితం కనిపించింది. ఉపవాస దినాలు గడిచేకొద్దీ బావగారు పైకి లేచారు. మెడ బయటికొచ్చింది. అంగీ పొడవు సరిచూడమని నన్ను పిలిస్తే, నేను కుట్టు విప్పి అంచు కిందికి దించాల్సి వచ్చింది. నడకకు మంచిదని డామరిస్ తెప్పించిన మందపాటి అడుగుల బూట్లు వేసుకుంటే మరికాస్త ఎత్తు. ఇంట్లో లోపలి గుమ్మానికి తల తగిలించుకున్నారు, జన్మలో మొదటిసారి. అత్తగారు ఆ గుమ్మానికి ముద్దు పెట్టింది.

"నేను చెప్పలేదూ? వాడి తండ్రి పోలిక ఇప్పుడు బయటపడింది," అంది.

కొత్త పోస్టర్లు పడ్డాయి. నిటారుగా మేయర్, కింద 'ఇంకా ఎత్తైన భుజం'. డాక్టరమ్మ పరుగు వీడియోలు చూసేవాళ్ళు తగ్గారు. ఆవిడ కూడా కంగారుపడిందని చెప్పుకున్నారు.

పండగ ముందు వారం కొలతల రోజున డాన్ నీకో కర్ర పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. ఈసారికి మేయర్ గారిని కూడా ఒకసారి కొలవనివ్వమని అడిగాడట. గోడకు ఆనుకుని ఉన్న బావగారు నవ్వి, నాయకుడి ఎత్తు ప్రజలు కొలవాలి గాని కర్ర కొలవకూడదన్నారట. చుట్టూ గోడలకున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. డాన్ నీకో మా ఇంటికొచ్చి అత్తగారితో ఇంకోసారి చెప్పి చూశాడు. కనీసం ఆ రొట్టెల బట్టీ అన్నదమ్ములను మార్చి వేరేవాళ్ళను వేస్తానన్నాడు. ఎన్నికల ఏడాదిలో శకునం మారుస్తావా అని ఆవిడ తలుపు వేసింది.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ముందు రోజు సాయంత్రం నుంచే ఊరంతా రంగులద్దిన రంపపు పొట్టుతో వీధుల పొడవునా ముగ్గులు వేసింది. పూలు, పక్షులు, సిలువలు. పల్లకి వాటి మీదుగానే నడవాలి. ఎండ ఎక్కకముందే చర్చి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. డాక్టరమ్మ మరిత్సా ఫోన్ పట్టుకుని మందుల షాపు అరుగెక్కి నిలబడింది. డామరిస్ తన శిష్యుణ్ణి చూడటానికి మొదటి వరసలో నిలబడింది. మేయర్ తల్లి కనక అత్తగారికి చర్చి గుమ్మం పక్కన కుర్చీ వేశారు. ఆవిడ పక్కన నేను. మా ఆయన తన వంతు కోసం కొంచెం ముందు, వీధి పక్కన, మాసికలు వేసిన అంగీలో ఎదురుచూస్తున్నాడు.

డాన్ నీకో గంట కొట్టాడు. పల్లకి లేచింది. బ్యాండు శోకగీతం అందుకుంది. కుడివైపు ముందు చోటులో మా బావగారు రొమ్ము విరిచి, భుజాలు వెనక్కి లాగి, అక్కడ గోడ లేకపోయినా ఉన్నట్టే నిలబడ్డారు. ఎప్పటిలాగే తల ఒక పక్కకు వాల్చారు. కళ్ళు మూశారు. పెదవులు బిగించారు. ఫొటోగ్రాఫర్లు ముందుకు దూకారు.

పల్లకి భుజాల మీదికి దిగింది.

బావగారి కళ్ళు తెరుచుకున్నాయి. పల్లకి కింద ఉండగా ఆ కళ్ళు తెరుచుకోవడం ఊరు చూడటం అదే మొదలు. వెనకాల రొట్టెల బట్టీ అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ భుజాలకూ పల్లకికీ మధ్య ఎండ కనిపిస్తోంది.

ఒక అడుగు పడింది. ఇంకోటి పడింది. ముగ్గులో పక్షి తల మీద మందపాటి బూటు దిగబడింది.

"ఆపండి," అన్నారు బావగారు. గొంతు ఆయనది కాదు. "దీని మీద ఎవరో ఎక్కారు."

జనమంతా తలెత్తి చూశారు. పైన స్వామి ఒక్కడే ఉన్నాడు, ఎప్పటిలా తన సిలువతో.

"రాళ్ళు పెట్టించారు. డాక్టరమ్మ మనుషుల పని. చూడండి, అడుగున చూడండి."

ప్రతిపక్షం కుట్ర కాబట్టి విచారణ జరగాల్సిందే. డాన్ నీకో గంట కొట్టి పల్లకి ఆపించాడు. నిదానంగా వంగి, అంచు గుడ్డ ఎత్తి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. మోసేవాళ్ళు మోస్తూనే ఉన్నారు. ముఖ్యంగా ఒకాయన.

"ఏమీ లేదు మేయర్ గారూ."

"మరి ఇంత బరువేమిటి?"

"ఇది ఎప్పుడూ ఇంతే అండీ."

"ఎప్పుడూనా?"

"మా తాతల నాటి నుంచీ."

బ్యాండువాళ్ళు బాకాలు దించేశారు. అంత జనంలో ఎవరూ నవ్వలేదు. పోస్టర్ మీది భుజం కిందికి జారుతోంది, దాంతోపాటు పల్లకి మూల వాలుతోంది, పైన స్వామి సిలువ ఒక పక్కకు ఒరుగుతోంది. ఆడవాళ్ళు నోళ్ళకు శాలువాలు అడ్డం పెట్టుకున్నారు. ఆ నిశ్శబ్దంలో డామరిస్ ఒక్కతే, పాపం, తనకు జీతమిచ్చిన పని మనస్ఫూర్తిగా చేసింది.

"ఇంకొక్క అడుగు సార్. మీరు చెయ్యగలరు. భుజాలు వెనక్కి."

బావగారి మోకాళ్ళు రెండూ ముగ్గులో ఆనాయి. వీధి పక్కనుంచి మా రిగో పరుగెత్తి, పల్లకి కిందికి దూరి, మాసికల భుజం ఆనించాడు. "తప్పుకో అన్నయ్యా," అన్నాడు. ఆ మూల మెల్లగా పైకి లేచింది. రొట్టెల బట్టీ అన్నదమ్ములు ముందుకొచ్చి వంతు కలిపారు. స్వామి నిటారయ్యాడు. డాన్ నీకో గంట కొట్టాడు. బాకాలు మళ్ళీ లేచాయి. పల్లకి మందుల షాపు వైపు సాగిపోయింది.

బావగారు వీధి మధ్య మిగిలారు. మోకాళ్ళ మీద పచ్చ పొట్టు, మోచేతుల మీద ఎర్ర పొట్టు. ఆయన లేచి, అలవాటుకొద్దీ ఆనుకోవడానికి గోడ కోసం చూశారు. దగ్గర్లో లేదు. అరుగు మీద డాక్టరమ్మ ఫోన్ ఇంకా పట్టుకునే ఉంది, పల్లకి వైపు కాదు.

అత్తగారు కుర్చీలోంచి లేచింది. నా చెయ్యి పట్టుకుంది. పల్లకి వెనకాల గంట పట్టుకుని నడుస్తున్న డాన్ నీకోను పేరు పెట్టి పిలిచింది. ఆయన ఆగాడు. చుట్టూ ఉన్న జనమూ ఆగారు. మా మామగారు బతికుంటే బాగుండుననిపించింది.

"నీకో, తప్పు నాదే," అంది అందరికీ వినిపించేలా. "నువ్వు చెబుతూనే ఉన్నావు. నేనే వినలేదు. వాణ్ణి నిటారుగా నిలబెట్టకుండా ఉండాల్సింది."